నల్ల కాగితం మీద తెల్ల చుక్క

ఆశ్వయుజ అమావాస్య. మిట్టమధ్యాహ్నం.

దీపావళి బేరాలతో విజయనగరం బజార్లు కిటకిటలాడుతున్న ఆ వేళ, చంపావతి ఏటి ఒడ్డున దిక్కులేని శవాలను పాతిపెట్టే ఇసుకమేట మీద ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. నడినెత్తిన సూర్యుడు భగభగమంటున్నాడు. మనిషి నీడ మనిషి పాదాల కిందే అణిగిపోయే ఘడియ అది... అర్ధరాత్రికి ఎంత బలముందో, నీడ నశించే ఆ క్షణానికీ అంతే బలముందని క్షుద్రవిద్యలు ఎరిగినవాళ్లు నమ్ముతారు.

అతను మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడుతున్నాడు. పక్కనున్న ఎండిన తుమ్మ మీద ఒక గుడ్లగూబ పట్టపగలే కళ్లు విప్పి అతన్నే చూస్తోంది. మూరెడు లోతున అతని వేళ్లకు నున్నగా, చల్లగా ఏదో తగిలింది. పైకి తీశాడు.

కపాలం!

దాని కంటి గుంటల్లోంచి ఇసుక ధారగా జారిపోయింది. ఆ గుంటల్లోకి తన రెండు బొటనవేళ్లూ దూర్చి, అతను పెదవులు కదలకుండా ఏదో జపించాడు. గుడ్లగూబ ఒక్కసారి కూసి, ఏటి అవతలికి ఎగిరిపోయింది.

అతని పేరు దత్తాత్రేయ. వయసు అరవైకి దగ్గర. కోట వెనక వీధిలో మేడ ఉన్న ఇల్లు. అతని తాత, తండ్రి నేత్రోన్మీలనం చేసేవాళ్లు. శిల్పి విగ్రహాన్ని చెక్కడం పూర్తయ్యాక, ఆఖరున బంగారు సూదితో కంటిపాప గీసి ఆ రాతిలోకి చూపు తెప్పించే విద్య అది. దత్తాత్రేయ ఆ వృత్తిలోకి రాలేదు. బొమ్మలు నేర్చుకున్నాడు. మనిషిని ఎదురుగా నిలబెట్టి, నల్ల కాగితం మీద రంగు సుద్దలతో ఆ రూపాన్ని దింపడంలో అతన్ని మించినవాడు ఈ ప్రాంతంలో లేడని పేరు తెచ్చుకున్నాడు. 

యాభయ్యో ఏట అతని చూపుకు చీకటి పట్టుకుంది. ముందు అంచుల్లో మొదలై, నెమ్మదిగా నడిమికి పాకింది. విశాఖపట్నంలో చూపించుకుంటే దీనికి మందు లేదన్నారు. ఆ రాత్రి అతను అటక మీదున్న ఎర్రగుడ్డ మూట విప్పాడు. ముట్టుకోవద్దని తండ్రి చనిపోయే ముందు ఒట్టు పెట్టించుకున్న తాళపత్రాలు అందులో ఉన్నాయి. రాతికి చూపు ఇచ్చే మంత్రాన్ని తలకిందులు చేస్తే మనిషి కంట్లోంచి చూపు లాగవచ్చు... అందుకు తమోనేత్రి అనే శక్తిని ఉపాసించాలి. అతను ఉపాసించాడు. ఒక మనిషి చూపు అతనికి రెండేళ్ల పాటు సరిపోయేది. ఇప్పటికి అయిదుగురు ఆడవాళ్ల చూపు అతని కళ్లలో వెలిగి ఆరిపోయింది.

మళ్లీ అంచుల్లో చీకటి మొదలైంది.

ఇంటికి వెళ్లి కపాలాన్ని రోట్లో వేసి దంచాడు. ఆ పొడిని పలచని గుడ్డలో వస్త్రగాళితం పట్టి, తుమ్మబంకతో ముద్ద చేసి, వేలెడు పొడుగున సుద్దకడ్డీగా చుట్టి నీడలో ఆరబెట్టాడు. పాలకన్నా తెల్లగా ఉంది అది. దాన్ని వాడేది ఒక్కసారే. బొమ్మ కంట్లో ఆఖరి చుక్క పెట్టడానికి!

* * *

నెల్లిమర్లలో బెన్హర్ ఆటో నడుపుతాడు. అతని చెల్లెలు మెర్సీ ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. వాళ్ల నాన్న డేవిడ్‌రాజు జూట్ మిల్లులో పనిచేసి చనిపోయాడు. అమ్మ దేవమణికి చర్చి, ఇల్లు తప్ప మరో లోకం లేదు. మెర్సీకి ఇరవై నాలుగేళ్లు. నిండైన నలుపు. మూడు పెళ్లిచూపులు ఆ నలుపు దగ్గరే ఆగిపోయాయి. ఎవరూ ముఖం మీద అనలేదు గానీ, ఫొటో ఇంకోటి ఉందా అని అడిగి వెళ్లిపోయేవారు.

ఒకరోజు ఆమె అన్న ఆటోలో విజయనగరం వచ్చింది. లైనింగు గుడ్డ కొనుక్కుని కొట్టు మెట్లు దిగుతుంటే ఒక పెద్దమనిషి ఆమెకు నమస్కారం పెట్టాడు. బొమ్మలు గీస్తానని, మూడుసార్లు వచ్చి ఎదుట నిలబడితే చాలని, అన్నగారు కూడా వచ్చి కింద కూర్చోవచ్చునని ఎంతో మర్యాదగా చెప్పాడు. మెర్సీకి నవ్వొచ్చింది.

"నా మొకంలో ఏటుందని మేస్టారూ?" అంది.

"తెల్ల కాగితం మీద నీలాంటి ముఖాన్ని మసి పూసి పాడుచేస్తారమ్మాయ్. నేను గీసేది నల్ల కాగితం మీద. అక్కడ నీ ఒంటి రంగు ముందే ఉంటుంది. నేను వెయ్యాల్సింది వెలుగు ఒక్కటే."

ఆ మాట ఆమె మనసులో ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

దేవమణి ఒప్పుకోలేదు. అన్నం దగ్గర కూతురి కంచంలో కూర వడ్డిస్తూ, "మనిసి మొకాన్ని గంటలకొద్దీ అలగ సూసినోడు ఊరికే సూడడే. నా మాటిను," అంది. మెర్సీ వినలేదు. తన ముఖంలో ఉన్న వెలుగు ఎలా ఉంటుందో చూడాలనిపించింది ఆమెకు. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఆ వెలుగు మీద కన్నేసినవాడిదే పాపం.

కార్తీకం మొదటి వారంలో ఆమె మొదటిసారి ఆ మేడ మెట్లెక్కింది.

పొడవాటి గది. ఉత్తరం వైపు ఒకటే కిటికీ. గోడల పొడవునా అట్టలు కట్టిన బొమ్మలు ముఖాలు గోడవైపు తిప్పి నిలబెట్టి ఉన్నాయి. నడుమ చట్రం మీద బిగించిన నల్ల కాగితం. మామూలు నలుపు కాదది... కాటి మసితో అద్దకం వేసిన కాగితం. దానివైపు చూస్తే నూతిలోకి తొంగిచూసినట్టుంది మెర్సీకి. 

దత్తాత్రేయ అక్క జగదీశ్వరి వచ్చి మంచినీళ్లిచ్చింది. డెబ్భై అయిదేళ్ల మనిషి. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లిలేని తమ్ముణ్ణి పెంచింది. ఆమె మెర్సీ ముఖం వైపు చూడకుండానే గ్లాసు తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

దత్తాత్రేయ నేల మీద సుద్దతో మెర్సీ పాదాల చుట్టూ గీత గీశాడు. విరామం తర్వాత మళ్లీ అదే చోట నిలబడాలని దానర్థం. ఇరవై నిమిషాలు కదలకూడదు, ఊపిరి తీసుకోవచ్చు గానీ చూపు మాత్రం తన చేతి మీంచి తియ్యకూడదు అన్నాడు. కళ్లు సగం మూసి ఆమెను చూశాడు. గీయడం మొదలుపెట్టాడు. గరుకు కాగితం మీద సుద్ద రాపిడి... గరగర... గరగర... ఎండుటాకుల మీద ఏదో పాకుతున్నట్టు. గోధుమరంగు, ఇటుకరంగు, పసుపు. వేలికొసతో అద్దుతున్నాడు, ఊదుతున్నాడు. రంగుల పొడి చట్రం అంచున సన్నని గీతలా పేరుకుంటోంది. మెర్సీ కాలు తిమ్మిరెక్కింది, ముక్కు మీద దురద పుట్టింది. అయినా కదల్లేదు.

గంటన్నర తర్వాత ఆమెకు బొమ్మ చూపించాడు. ముఖం ఇంకా చీకట్లోనే ఉంది. మెడ వంపు మీద, భుజం మీద, చీర అంచు మీద మాత్రం వెలుగు పడింది. ఆ మెడ తనదేనని నమ్మడానికి మెర్సీకి కొంతసేపు పట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రం సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. పదిసార్లు ప్రయత్నించింది. సూది బెజ్జం ఆమెకు కనిపించడం మానేసింది.

* * *

అలసట అనుకుంది. వారం తర్వాత రెండోసారి వెళ్లింది.

ఆరోజు నుదురు, చెంపలు, పెదవులు, కనురెప్పలు వేశాడు. అతను ఒక్కో మెరుపు అద్దుతుంటే గదిలో వెలుగు ఒక్కో పొర తగ్గుతున్నట్టు అనిపించింది ఆమెకు. బయట ఎండ కాస్తూనే ఉంది. కిటికీ మాత్రం మసకబారింది. విరామంలో అతను ఫోను మాట్లాడుతూ కిందికి దిగాడు. మెర్సీ కాళ్లు సాగదీసుకుంటూ గోడ దగ్గరికి నడిచి, ఊరికే ఒక బొమ్మను తనవైపు తిప్పింది.

స్వర్ణక్క!

కొత్తవలస స్వర్ణ. చర్చి యువజన కూటాల్లో ముందు వరసలో నిలబడి పాడే స్వర్ణ. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి చూపు పోయిందని, పెళ్లి ఆగిపోయిందని అందరూ చెప్పుకున్న స్వర్ణ. నల్లని కాగితంలోంచి ఆమె ముఖం దీపంలా వెలుగుతోంది. రెండు కంటిపాపల్లోనూ ఆవగింజంత తెల్లచుక్క. ఆ కళ్లు తడిగా ఉన్నాయి... మెర్సీ పక్కకు జరిగితే అవీ జరిగాయి... కనురెప్ప సన్నగా వణికింది!

మెర్సీ బొమ్మను గోడవైపు తిప్పేసి, మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడేసరికి సుద్దగీతల్లో వచ్చి నిలబడింది. మిగతా అరగంటా ఎలా నిలబడిందో ఆమెకే తెలియదు. ఇంటికి వెళ్తుంటే ఎదురొచ్చే లారీలు వెదురు బొంగులోంచి చూసినట్టు నడుమ మాత్రమే కనిపించాయి. చుట్టూ నలుపు.

మర్నాడే అన్నను తీసుకుని పాసింజరు బండిలో కొత్తవలస వెళ్లింది. స్వర్ణ అరుగు మీద కూర్చుని, వేళ్లతో తడుముకుంటూ చింతపండులో గింజలు తీస్తోంది. మెర్సీ గొంతు గుర్తుపట్టి నవ్వింది. విషయం విన్నాక ఆ నవ్వు ఆగిపోయింది.

తనూ మూడుసార్లు అలాగే నిలబడ్డానని స్వర్ణ చెప్పింది. మూడోసారి అమావాస్య మధ్యాహ్నం. ఆరోజు అతను బొమ్మకు వీపు తిప్పి నిలబడ్డాడు. అతని ఎదుట ఒక ముసలావిడ రెండు చేతులతో అద్దం ఎత్తి పట్టుకుంది. అద్దంలో చూసుకుంటూ, భుజం మీంచి చెయ్యి వెనక్కి చాపి, బొమ్మ కంట్లో తెల్లచుక్క పెట్టాడు. అంతే... దీపం ఊదేసినట్టయింది. కంటి డాక్టర్లు కళ్లలో ఏ లోపమూ లేదన్నారు. అక్కడే ఆస్పత్రి వరసలో జగ్గమ్మ అనే ఆవిడ పరిచయమైంది. బొండపల్లి ఆవిడ. ఆవిడా అదే మేడ, అదే అద్దం గురించి చెప్పింది. మొన్న వేసవిలో జగ్గమ్మ నీళ్లకని వెళ్లి, తడుములాటలో నూతిలో పడి చనిపోయింది.

"ఎవులికి సెప్పినా నమ్మనేదే," అంది స్వర్ణ. "నువ్వు మాత్రం ఆ ఆకరి సుక్క ఎయ్యనివ్వకు."

బెన్హర్ ఆ మేడకు నిప్పు పెడతానన్నాడు. స్వర్ణ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. కాగితం కాలితే అందులో ఉన్న తన చూపు కూడా కాలిపోదా అని అడిగింది.

* * *

వెళ్లడం మానేస్తే సరిపోతుందని దేవమణి అంది. కూతుర్ని పక్కలో కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసింది. కానీ నాలుగు రోజులు తిరిగేసరికి మెర్సీకి పెద్దక్షరాలు కూడా అలుక్కుపోయాయి. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. సగం వెలుగు ఆ కాగితం తాగేసింది. మిగతా సగం ఇంట్లో కూర్చున్నా కారిపోతోంది.

ప్రతి మంగళవారం మధ్యాహ్నం దత్తాత్రేయ ఏటి ఒడ్డుకు వెళ్తాడని ఆటో స్టాండులో తెలిసింది. ఆ వేళకు మెర్సీ ఆ ఇంటికి వెళ్లింది. జగదీశ్వరి వంటింటి గడప మీద కూర్చుని తమ్ముడి కోసం పెసరట్లకు అల్లం తరుగుతోంది. మెర్సీ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, స్వర్ణ గురించి చెప్పింది. జగ్గమ్మ ఎలా చనిపోయిందో చెప్పింది. 

కత్తిపీట మీద జగదీశ్వరి చెయ్యి ఆగింది.

"నాలుగు రోజులు మసకగా ఉంటుందిట, తర్వాత అదే సర్దుకుంటుందిట. వాడు అలాగే చెప్పాడు నాకు," అంది.

"మీరు నమ్మినారేటి మామ్మగారూ?"

ముసలామె కత్తిపీట పక్కకు జరిపింది. ఆమె నమ్మలేదు. పాలు పట్టి పెంచిన తమ్ముడు తన కళ్లెదుట తడుముకుంటూ నడవడం ఆమె చూడలేకపోయింది. అందుకే పట్టుకోమన్న అద్దం పట్టుకుంది. పట్టుకున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకునేది.

తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. కొత్త విగ్రహానికి కన్ను గీసిన క్షణాన అందులోంచి తొలిచూపు బయటికొస్తుంది. దాన్ని తట్టుకోగల ప్రాణి లేదు. అందుకే వాళ్ల నాన్న విగ్రహానికి వీపు తిప్పి, అద్దంలో చూస్తూ గీసేవాడు. ఆ చూపు అద్దానికి తగిలి చల్లబడేది. తమ్ముడి బొమ్మల్లోనూ అంతే. తెల్లచుక్క పడగానే లేచే చూపు అద్దంలో పడుతుంది, అద్దంలోంచి వాడి కళ్లలోకి దిగుతుంది. కాగితంలోకి వెళ్లిపోయిన వెలుగును బయటినించి ఎవరూ తియ్యలేరు. చుక్క పడిన ఆ ఒక్క క్షణమే దారి తెరుచుకుని ఉంటుంది.

"అయితే ఆరోజు నాను రావాలి," అంది మెర్సీ.

"రాకపోయినా గుడ్డిదానివవుతావు. వస్తే..." జగదీశ్వరి అల్లం ముక్కలు పళ్లెంలోకి ఎత్తింది. "నన్నేమీ అడక్కు తల్లీ. వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను."

మెర్సీ లేచింది. గుమ్మం ఎటుందో కనిపించక గోడకు చెయ్యి ఆనించి వెతుక్కుంది. ఆ చెయ్యి గోడ మీద పాకడం జగదీశ్వరి కళ్లు తెరుచుకునే చూసింది.

* * *

కార్తీక అమావాస్య. బంగాళాఖాతంలో వాయుగుండం తుపానై కళింగపట్నం వైపు దూసుకొస్తోంది. మిట్టమధ్యాహ్నానికే ఆకాశం కాటుక పులుముకుంది. ఈదురుగాలికి వీధుల్లో రేకులు లేచి పడుతున్నాయి. కోటగోడ బొరియల్లోంచి గుడ్లగూబలు పగటిపూటే బయటికొచ్చి కూస్తున్నాయి... ఒకదానికి ఒకటి బదులిస్తూ...

బెన్హర్ చెల్లెల్ని చెయ్యి పట్టుకుని మెట్లదాకా తీసుకొచ్చాడు. దత్తాత్రేయ అతన్ని పైకి రానివ్వలేదు. మేడ తలుపు లోపల గడియ పడింది.

గది నిండా సాంబ్రాణి కాని ఏదో పొగ. గోడవైపు తిరిగి ఉండే అయిదు బొమ్మలూ ఈరోజు ముఖాలు ఇటు తిప్పుకుని వరసగా నిలబడ్డాయి. నేల మీద మసితో గీసిన మండలం, నడుమ దంచగా మిగిలిన కపాలపు దవడ. మెర్సీ సుద్దగీతల్లో అడుగుపెట్టగానే ఆమె కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. వేళ్లు కదల్లేదు. కనురెప్ప వాలలేదు. దత్తాత్రేయ జపం మొదలుపెట్టాడు. తలకిందులు చేసిన ఆ మంత్రాక్షరాలు ఒక్కొక్కటే గదిలోని వెలుతురును కొరికేస్తున్నాయి. 

అప్పుడు మెర్సీ నోరు దానంతట అదే తెరుచుకుంది. అందులోంచి వచ్చింది ఆమె గొంతు కాదు. స్వర్ణ గొంతు ఏడ్చింది. తర్వాత ఇంకెవరిదో. ఆ తర్వాత ఒక నడివయసు గొంతు నూతిలోంచి పిలిచినట్టు పిలిచింది...

"నీల్లెక్కడున్నాయమ్మా... నాకేటీ కనపడ్డం నేదు..."

మూలన అద్దం పట్టుకుని నిలబడిన జగదీశ్వరి ఒళ్లు జలదరించింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఆ గొంతే ఈ గదిలో ఆమెను మామ్మగారూ అని పిలిచి మంచినీళ్లు అడిగింది.

"అక్కా, అద్దం," అన్నాడు దత్తాత్రేయ.

ఆమె ఎప్పటిలాగే వచ్చి అతని ఎదుట నిలబడి అద్దం ఎత్తింది. అతను బొమ్మకు వీపు తిప్పాడు. కుడిచేతిలో కపాలపు సుద్ద. అద్దంలో నల్లకాగితం మీది మెర్సీ ముఖం నిలిచింది. ఎంత గొప్పగా గీశాడో! నుదుటి మీద ఒక నీలి వెలుగు, చెంప మీద వెచ్చని ఇటుకరంగు, పెదవి అంచున ఒకే ఒక్క పసుపు గీత. కళ్లు మాత్రం రెండు చీకటి గుంటలు. పన్నెండు కొట్టింది. అతను భుజం మీంచి చెయ్యి వెనక్కి చాపాడు. ఎడమకంట్లో చుక్క పెట్టాడు. మెర్సీ ఎడమకన్ను ఆరిపోయింది. సుద్ద కుడికన్ను వైపు జరిగింది. 

జగదీశ్వరి కళ్లు తెరిచింది. తమ్ముడి భుజం మీంచి అవతలికి చూసింది. మెర్సీ చెంపల మీద నీళ్లు ధారకడుతున్నాయి. కదల్లేని ఆ ముఖం ఆమెనే చూస్తోంది.

సుద్ద కాగితానికి తగిలింది. అదే క్షణంలో జగదీశ్వరి అద్దం కిందికి దింపేసింది.

దత్తాత్రేయ ఎదుట అద్దం లేదు, అక్క ముఖం ఉంది. 

"ఎత్తు," అన్నాడు. "అక్కా... ఎత్తవే!"

ఆమె ఎత్తలేదు. వెనక కాగితంలోంచి సెగ లేస్తోంది. అతని మెడ మీద వెంట్రుకలు మాడుతున్న వాసన. అతను కళ్లు మూసుకుంటే బతికేవాడు. అలాగే వీపు తిప్పి నిలబడి, తడుముకుంటూ తలుపు దాకా నడిచినా బతికేవాడు. గుడ్డివాడిగానైనా బతికేవాడు. కానీ ఆ రెండో చుక్క సరైన చోట పడిందో లేదో అతను చూడలేదు. నలభై ఏళ్లుగా గీసిన ఏ బొమ్మనూ చూడకుండా వదిలిన చెయ్యి కాదది. ఒక ఊపిరి ఆపుకున్నాడు. రెండో ఊపిరి ఆపుకున్నాడు. 

మూడో ఊపిరికి వెనక్కి తిరిగాడు.

చుక్క సరిగ్గానే పడింది.

మెర్సీ బొమ్మలోని తొలిచూపు తిన్నగా అతని కళ్లలో దిగింది! గోడవార నిలిచిన అయిదు బొమ్మల కళ్లూ ఒకేసారి అతనివైపు తిరిగాయి. పిడుగు మేడ మీదే పడినట్టు గది ధవళకాంతితో దద్దరిల్లింది. అతను ఉపాసించిన తమోనేత్రి, ఆ మసిమండలంలోంచి నల్లని పొగగా లేచి, ఆ కాంతిలో ఒక్క క్షణం కూడా నిలవలేక అతని నోట్లోకే దూరిపోయింది. రాతిని దేవుణ్ణి చేసే ఆ చూపు ముందు దొంగచాటు చీకటి ఎంత? దత్తాత్రేయ అరిచాడు. ఆ అరుపు సగంలో గరగరమని సుద్ద రాపిడిలా మారింది... ఆగిపోయింది.

కిటికీ రెక్కలు విరిగి తుపాను గాలి లోపలికి దూసుకొచ్చింది. బొమ్మల మీది రంగుల పొడి అంతా లేచి సుడి తిరిగింది. కాగితాలు ఒక్కొక్కటీ వట్టి నలుపైపోయాయి. మెర్సీ మోకాళ్ల మీద కూలిపోయింది. ఎదుటి చెక్క నేలలో ఒక పగులు, ఆ పగుల్లో ఇరుక్కున్న ఎర్రదారం పోగు స్పష్టంగా కనిపించాయి ఆమెకు. తలెత్తింది. దత్తాత్రేయ నిలబడే ఉన్నాడు. రెండు కళ్ల స్థానంలో రెండు తెల్లని సుద్దముద్దలు. గాలికి అవి పొడిపొడిగా రాలి, ఖాళీ గుంటలు మిగిలాయి. అప్పుడు అతని శరీరం నేల మీద పడింది.

బెన్హర్ తలుపు బద్దలుకొట్టి వచ్చేసరికి జగదీశ్వరి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. తొలిచూపు అంచు తగిలి ఆమె ఎడమకన్ను తెల్లబడిపోయింది. ఆమె ఏడవడం లేదు. అతని ఖాళీ కళ్ల మీద కొంగు కప్పుతోంది.

* * *

కిటికీ విరిగి మీద పడిందని, గుండె ఆగిందని పోలీసులు కాగితాల్లో రాసుకున్నారు. అదే సాయంత్రం కొత్తవలసలో స్వర్ణ చీకటి పడిందని గుర్తుపట్టి, తనే లేచి అగ్గిపెట్టె వెతికి దీపం వెలిగించిందట. ఆమె తల్లి ఫోనులో ఆ మాట చెప్పలేక దేవమణితో వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. మిగతా ముగ్గురికీ చూపు వచ్చింది. జగ్గమ్మకు రావడానికి జగ్గమ్మ లేదు.

పన్నెండో రోజు దాటాక జగదీశ్వరి ఒక్కో ఇంటికీ వెళ్లడం మొదలుపెట్టింది. మెర్సీ తోడు వెళ్లింది. చేసినదంతా ఏదీ దాచకుండా చెప్పింది ముసలామె. ఒక ఇంట్లో తిట్టి తరిమేశారు. ఒక ఇంట్లో తలుపే తియ్యలేదు. స్వర్ణ ఆమెను అరుగు మీద కూర్చోమని, లోపలికి వెళ్లిపోయింది.

ఆఖరున బొండపల్లి వెళ్లారు. జగ్గమ్మ తల్లి తవిటమ్మ వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం చెరుగుతోంది. అంతా విన్నది. చేట పక్కన పెట్టింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"నా కూతురు ఆకర్ని ఏటి సూసినాదమ్మా?"

జగదీశ్వరి ఆమె కళ్లలోకి చూసింది.

"నన్ను," అంది. "అప్పుడు నేను కళ్లు మూసుకుని ఉన్నాను."